డిస్కులో యలమంద

వెంకటేశ్వరమ్మకి కంప్యూటర్ అంటే ఏమిటో తెలియదు, తెలుసుకోవాలన్న సరదా అంతకంటే లేదు. ఆమెకి కావలసింది ఆమె తమ్ముడు. ఆ తమ్ముడు ఎటు వెళ్ళాడో చూసింది ఈ లోకంలో ఒక్కటే, పెదకాకాని గుడి వీధిలో మొహిద్దీన్ బాషా కూల్‌డ్రింకుల కొట్టు చూరుకి బిగించిన కెమెరా. ఆ కెమెరా చూసిందంతా డీవీఆర్ అనే పెట్టెలోకి పోతుందట. నిన్న సాయంత్రం హైవోల్టేజి వచ్చి ఆ పెట్టె కాస్తా కాలి కంపు కొట్టింది. పెట్టె కాలినా లోపలున్న హార్డ్‌డిస్కు బతికే ఉంటుందని ఎవరో చెబితే, బాషా దాన్ని ఊడబీకి, తువ్వాల్లో చుట్టి, ఆమెను వెంటబెట్టుకుని గుంటూరు అరండల్‌పేటలో ఉన్న రెబ్కా షాపుకి తీసుకొచ్చాడు. సోమవారం, పదకొండు గంటలు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

యలమందకి ఇరవై ఎనిమిదేళ్ళు. పుట్టు చెవుడు, మాట లేదు, బుద్ధి ఏడేళ్ళ దగ్గర ఆగిపోయింది. ఊరు చిలకలూరిపేట అవతల. తల్లి పోయాక పదిహేనేళ్ళుగా వాణ్ణి సాకుతున్నది ఈ అక్కే. పత్తి తీతకి వెళ్ళినా, మిరపకోతకి వెళ్ళినా వాణ్ణి చేను గట్టున కూర్చోబెట్టుకునే పని చేసింది. వాడికి మూర్ఛ ఉంది. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర పడాలి. వరసగా రెండు పూటలు తప్పితే మూర్ఛ మీద మూర్ఛ వచ్చి ప్రాణం మీదికి తెస్తుందని డాక్టరు వేలు చూపించి మరీ చెప్పాడు. మూర్ఛ పోవాలంటే పూజ చేయించమని ఒక సిద్ధాంతి చెబితే నిన్న పెదకాకాని గుడికి తీసుకొచ్చింది, మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక అక్కడే వాడు తప్పిపోయాడు. నిన్న రాత్రిది పడలేదు. ఇవాళ పొద్దుటిదీ పడలేదు. మాత్రల అట్ట ఆమె చేతిసంచిలోనే ఉంది.

పోలీసులు రాసుకున్నారు. గుడి కెమెరాలు చూశారు, అవి లోపలి వైపు తిరిగి ఉన్నాయి, వీధి కనపడదు. వెంకటేశ్వరమ్మ ఫోనులో నిన్న పొద్దున బస్టాండులో తీసిన ఫోటో ఒకటుంటే, దాన్ని అన్ని వాట్సాప్ గ్రూపుల్లోనూ తిప్పారు. నీలం చొక్కా, మూగవాడు, కనిపిస్తే ఈ నంబరుకి చెప్పండి. పొద్దుటి నుంచి ఆ నంబరుకి పద్నాలుగు ఫోన్లొచ్చాయి. పద్నాలుగూ ఎవరెవరో నీలం చొక్కాల వాళ్ళు.

రెబ్కాకి నలభై ఏళ్ళుంటాయి. భర్త పోయాక ఆయన నడిపిన రిపేరు షాపుని మూసెయ్యమన్న వాళ్ళందరినీ లెక్కచెయ్యకుండా తనే నడుపుతోంది. మాట కరుకు, చెయ్యి నేర్పు. చెప్పింది మొత్తం విని, డిస్కుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ముందే చెప్తన్నా, కంగారు పడమాక," అంది. "ఆ డీవీఆర్ పెట్టెలో నడిచేది లైనక్స్. ఈ కంప్యూటర్లో నడిచేది విండోస్. డిస్కు మీద ఏది ఎక్కడ పెట్టాలో దాని పద్ధతి దానిది, దీని పద్ధతి దీనిది. ఇప్పుడు తగిలించగానే ఇది నాకు చదవడం రాదు అని చెప్పదు. డిస్కు బాగాలేదు, ఫార్మాట్ చెయ్యనా అని అడుగుద్ది. ఫార్మాట్ అంటే తుడిచి పెట్టడం. మనం వద్దంటాం. తర్వాత నేను లైనక్స్ ఎక్కించి చదివిస్తా."

తనకి రాకపోవడాన్ని ఎదుటివాడి లోపంగా చెప్పే పెద్దమనుషుల్ని వెంకటేశ్వరమ్మ చాలామందిని చూసింది. యంత్రాలకి కూడా ఆ రోగం అంటిందన్నమాట. సరేనన్నట్టు తలూపింది.

రెబ్కా తీగ తగిలించింది. డిస్కు చిన్నగా తిరిగింది. తెర మీద కిటికీ లాంటిది ఒకటి చక్కగా తెరుచుకుంది. ఏ ప్రశ్నా రాలేదు. లోపల తెల్లగా, ఖాళీగా ఉంది.

"తెరుచుకుంది కదమ్మా," అంది వెంకటేశ్వరమ్మ ఆశగా.

రెబ్కా డిస్కు వివరాలు తెరిచి చూసింది. "తెరుచుకోకూడదు," అంది. "ఇది విండోస్ సొంత పద్ధతిలో ఉంది. కొత్త డిస్కులా ఉంది. దీన్ని ఎవరో ముందే ఇంకో కంప్యూటర్‌కి పెట్టారు. బాషా గారూ, పెట్టారా?"

బాషా ఫ్యాను వంక చూశాడు. అరవై ఏళ్ళ మనిషి, నిన్నటి నుంచి కొట్టు మూసుకుని ఈమె వెంట తిరుగుతున్నాడు, తిండి కూడా సరిగా తినలేదు. తువ్వాలుతో మెడ తుడుచుకుని, "పెట్టా," అన్నాడు. "పొద్దున్నే మా ఇంట్లో ల్యాప్‌టాప్‌కి తగిలించా. ఇక్కడిదాకా రావడం ఎందుకు, నేనే చూసి చెప్దాం అనుకున్నా. ఏదో ఇంగ్లీషులో అడిగింది. ఫోన్లో అన్నిటికీ ఓకే కొడతాం కదా, అట్టా కొట్టేశా. ఇంకోసారి అడిగింది. ఇంకోసారి కొట్టా."

అడిగిన ప్రతిదానికీ ఓకే కొట్టడం మన ప్రాంతపు మర్యాద అయిపోయింది. లోన్ యాప్ అడిగినా ఓకే, బొమ్మల యాప్ అడిగినా ఓకే. ఏం అడుగుతోందో చదివిన పాపాన పోయినవాడు లేడు. పాపం బాషా ఒక్కణ్ణే అనడానికి లేదు.

కానీ వెంకటేశ్వరమ్మ ఆ న్యాయం ఆలోచించే స్థితిలో లేదు. లేచి అతని చొక్కా రెండు చేతులా పట్టుకుంది. "నా తమ్ముణ్ణి తుడిచేశావా," అంది. గట్టిగా కూడా అనలేదు. "నిన్నటి నుంచి అన్నా అన్నా అని నీ వెనక తిరుగుతున్నా. చెప్పలేదేం? ఇంతసేపు నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"తప్పయిందమ్మా," అన్నాడు బాషా. చొక్కా విడిపించుకోలేదు.

ఆమె కింద చతికిలబడింది. ఏడుపు రాలేదు. వాణ్ణి కన్నది తల్లే అయినా చంపుకున్నది తనేనని అనిపించింది. ఆ సిద్ధాంతి వాడి జాతకంలో రాహువు, కేతువు అని నసిగితే తను ఎందుకు వినాలి? మూర్ఛకి మాత్రలున్నాయి కదా, పూజ ఎందుకు? వాడు ఇంటి దగ్గర మేకపిల్లతో ఆడుకుంటూ సుఖంగా ఉండేవాడు కదా.

"లేవమ్మా," అంది రెబ్కా. "బాషా గారూ, ఓకే కొట్టాక ఎంతసేపు పట్టింది?"

"రెండు నిమిషాలు కూడా పట్టలేదు."

"ఇది ఒక టీబీ డిస్కు. నిజంగా మొత్తం తుడవాలంటే రెండు మూడు గంటలు పడుద్ది. రెండు నిమిషాల్లో అయిందంటే పైపైన తుడిచింది. ఏ వస్తువు ఎక్కడుందో చెప్పే పట్టిక ఒకటి మొదట్లో ఉంటుంది, దాని మీద తన పట్టిక రాసేసుకుంది. వస్తువులు ఎక్కడివక్కడే ఉండి ఉండాలి." ఆమె కుర్చీ ముందుకి జరుపుకుంది. "అయితే నేను ఊరికే చెయ్యి పెట్టను. ముందు దీనికి పూర్తి నకలు తీస్తా. నకలు మీద పని చేస్తా. అసలు డిస్కు మీద ఏదైనా తేడా వస్తే ఇంక దేవుడు కూడా తియ్యలేడు."

"ఎంతసేపు?"

"మూడు గంటలు. నాలుగు కావచ్చు."

వెంకటేశ్వరమ్మ గోడ గడియారం చూసింది. పదకొండున్నర దాటింది. సంచిలోంచి మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టింది. "వాడికి రాత్రిది పడలా. పొద్దుటిది పడలా," అంది. "వాడు దాహం అని అడగలేడు. ఎవరైనా పిలిస్తే వినపడదు. ఈ ఎండలో పడిపోయి గిజగిజా కొట్టుకుంటుంటే తాగి పడున్నాడనుకుని దాటుకుని పోతారు. నాలుగు గంటలయ్యాక నువ్వు బొమ్మ చూపిస్తే నేను దాన్ని ఏం చేసుకోను? కాళ్ళు పట్టుకుంటా, ఇప్పుడే చూడు."

"పోతే మొత్తం పోద్దమ్మా."

"పోనీ. నేను ఓకే అంటున్నా."

ఆ మాటకి బాషా తల దించుకున్నాడు. రెబ్కా ఆ అట్ట వంక కాసేపు చూసింది. పద్ధతి తప్పి పనిచెయ్యడం ఆమెకి చచ్చేంత అసహ్యం. ఐనా సొరుగులోంచి ఎర్ర పెన్‌డ్రైవ్ ఒకటి తీసింది. "చదవడం మాత్రమే చేస్తా. డిస్కు మీద ఒక్క అక్షరం రాయను. యేసయ్యా, నువ్వే చూసుకో," అని కంప్యూటర్ ఆపి, ఆ పెన్‌డ్రైవ్ గుచ్చి మళ్ళీ లేపింది.

ఈసారి తెర వేరేగా వచ్చింది. బొమ్మలు లేవు, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. అదే లైనక్స్. రెబ్కా ఏదో టకటకా కొట్టింది. అక్షరాలు రెండు వరసలు వచ్చి ఆగిపోయాయి.

"ఏమంటోంది?"

"పట్టిక లేదంటోంది. ఉండదని తెలుసులే. మీ పొలం కాగితం ఇంట్లో తగలబడితే రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు దొరుకుద్ది కదా. లైనక్స్ కూడా తన పట్టికకి నకళ్ళు తీసి డిస్కులో అక్కడక్కడా దాచిపెడుద్ది. ఫలానా చోట ఉంది, అది చూసి చదువుకో అని మనం చెప్పాలి."

మొదటి నకలు ఉండే చోటు చెప్పింది. కాదంది. రెబ్కా నాలుక కరుచుకుని, కాగితం మీద ఏదో లెక్క వేసి, రెండో చోటు చెప్పింది. కాదంది. షాపులోకి ఎవరో వచ్చి ప్రింటర్ అయిందా అని అడిగితే రేపు రమ్మని తల తిప్పకుండానే కసిరింది. డిస్కు లోపల టిక్కు టిక్కుమని చప్పుడైంది. ఆ చప్పుడు రెబ్కాకి నచ్చలేదు, వేళ్ళు ఆపేసింది. వెంకటేశ్వరమ్మ ఆ ఇనప ముక్క వంక, లోపల మనిషి ఉన్నట్టే చూస్తూ, చేతులు జోడించింది. ఏ దేవుడికి జోడించిందో ఆమెకే తెలియదు. నిన్న జోడించిన దేవుడి మీద మాత్రం మనసు విరిగిపోయింది.

మూడో చోటు చెప్పింది రెబ్కా.

తెర ఏమీ అనలేదు. కొత్త వరస ఒకటి వచ్చి, ఖాళీగా నిలబడింది.

"కాదందా?"

"కాదనలేదు," అంది రెబ్కా. "ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టు."

ఇంకో మాట కొట్టగానే వరసలు వరసలుగా అంకెలు దిగాయి. అన్నీ ఫైళ్ళే, పేర్లు లేవు, ఉత్త నంబర్లు. బొమ్మలాడించే ప్రోగ్రాము వాటిని పట్టుకోనంది. ఇది వీడియోయే, ఈ రకం వీడియో అని రెబ్కా దానికి విడమర్చి చెప్పాల్సి వచ్చింది. అప్పుడు పడింది బొమ్మ. వీధి, నిమ్మకాయల గంప, బాషా బట్టతల.

డీవీఆర్ గడియారం ఏనాడో ఆగిపోయి రెండువేల సంవత్సరం చూపిస్తోంది. దాని మొహం చూసే పని లేదని రెబ్కా చివరి ఫైలు తీసింది. పెట్టె కాలిపోయింది సాయంత్రం ఆరు నలభైకి. అక్కడి నుంచి వెనక్కి ఆరు గంటలు లెక్కబెట్టి, గంటకి నాలుగు ఫైళ్ళ చొప్పున వెళ్ళింది. ముగ్గురూ తెరకి మొహాలు ఆనించారు.

చాలాసేపు ఎవరూ లేరు. అంటే జనం బోలెడుమంది ఉన్నారు, నీలం చొక్కా లేదు. తర్వాత ఉంది.

"అడుగో," అంది వెంకటేశ్వరమ్మ.

నీలం చొక్కా మనిషి వీధి దాటి, ఆగిన మినీలారీ వెనక్కి ఎక్కుతున్నాడు. జేబు మీద తెల్లటి అతుకు. ఆ అతుకు ఆమె కుట్టిందే, నీలం దారం దొరక్క తెల్లదారంతో. లారీ నంబరు రాసుకోమని బాషా కేక వేశాడు. రెబ్కా బొమ్మ ఆపింది. మనిషి అప్పుడే ఇటు తిరిగాడు. గడ్డం ఉంది. నలభై ఐదేళ్ళుంటాయి. చేతిలో బీడీ.

యలమంద కాదు.

వాడి చొక్కా ఇంకొకడి ఒంటి మీద ఉందంటే ఏమిటి అర్థం? కొట్టి లాక్కున్నారా? ఏ కాలవలోనో పడేసి విప్పుకున్నారా? ఉన్నట్టుండి వెంకటేశ్వరమ్మ రెండు చేతులతో తల పట్టుకుంది.

"నేనే వదిలేశా," అంది.

"ఏంది?"

"సిద్ధాంతి చెప్పాడు. పూజ అయ్యాక స్నానం చేసి, ఒంటి మీద బట్టలు అక్కడే వదిలెయ్యాలి, వెనక్కి చూడకుండా రావాలి, దోషం వాటితో పోద్ది అని. వాడి చొక్కా నా చేతులతో విప్పి అక్కడ పడేశా. వాడికి పసుపు రంగు బనీను తొడిగా. గుడి ముందర బండి మీద కొన్నా." ఆమె తన నోటి మీద తనే కొట్టుకుంది. "ఫోటో చూపించమన్నారు, చూపించా. నీలం చొక్కానా అన్నారు, అవునన్నా. ఒక పగలూ ఒక రాత్రీ ఊళ్ళన్నీ ఆ పాడు చొక్కాని వెతికాయి. నేను కూడా చొక్కానే వెతికా. వాణ్ణి వెతకలా."

బుర్ర మొద్దుబారితే అంతే. కళ్ళముందు ఉన్నది కనపడదు, ఫోటోలో ఉన్నదే కనపడుతుంది. రెబ్కా ఆమెని ఓదార్చడానికి ఆగలేదు. మళ్ళీ వెనక్కి వెళ్ళింది. పసుపు బనీను కోసం వెతికితే నాలుగు నిమిషాలు పట్టింది.

వాడు బాషా కొట్టు ఎదురుగా, ఆడవాళ్ళ స్నానాల తడికల వైపు మొహం పెట్టి నిలబడి ఉన్నాడు. తల తడిగా ఉంది. అక్క లోపల బట్టలు మార్చుకుంటోంది కాబట్టి ఎక్కడ నిలబెట్టిందో అక్కడే నిలబడ్డాడు, ఒక్క అడుగు కదల్లేదు. తడికల వెనక నుంచి నేరేడుపండు రంగు చీరలో ఒకావిడ వచ్చింది, చంకలో బట్టల మూట. యలమంద చటుక్కున వెళ్ళి ఆ చీర కొంగు పట్టుకున్నాడు. ఆవిడ తిరిగి చూసి విదిలించుకుంది. వాడు వదల్లేదు. ఆవిడ ఏదో అంది, ముందుకి నడిచింది. వాడు కొంగు పట్టుకుని వెనకే నడిచాడు.

"అది నా చీర," అంది వెంకటేశ్వరమ్మ. ఇంతసేపూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. "నేనూ వదిలేశా కదా. ఆవిడ కట్టుకుంది. నేను లోపల కొత్తది చుట్టుకుంటున్నా. వాడు ఈ కొత్త చీర చూడనే లేదమ్మా. వాడు నాతోనే పోతున్నా అనుకున్నాడు."

తెర మీద ఇంకో నిమిషానికి నారింజ రంగు చీరలో ఒక మనిషి తడికల వెనక నుంచి వచ్చి, అటూ ఇటూ చూసి, పరిగెత్తడం మొదలుపెట్టింది. వాళ్ళు వెళ్ళింది ఎడమకి. ఆమె పరిగెత్తింది కుడికి.

బాషా తెరకి ఇంకా దగ్గరగా వంగాడు. "ఆవిణ్ణి నేను ఎరుగుదును," అన్నాడు. "వెంకటరావమ్మ. వదిలేసిన బట్టలు ఏరి, ఉతికి అమ్ముకుంటది. నంబూరు రోడ్డులో కాలవ గట్టున పాక. లే అమ్మా, పోదాం."

డబ్బులివ్వబోతే రెబ్కా వాళ్ళని బయటికి నెట్టింది.

బాషా మోపెడ్ మీద అరగంట. దారిలో వడగాలి, మిరపకాయల ఘాటు, ఎదురొచ్చే లారీలు. వెంకటేశ్వరమ్మ మాత్రల అట్టని పిడికిట్లో బిగించి, ఒకటే అనుకుంది, ఉండాలి, బతికి ఉండాలి, ఎట్లా ఉన్నా ఫరవాలేదు. గట్టు మీద తాటాకు పాక. బయట తాడు మీద రంగురంగుల బట్టలు ఆరుతున్నాయి. లోపలి నుంచి మాట లేదు, చప్పుడు లేదు. ఆమెకి గుమ్మం దాటే ధైర్యం చాల్లేదు.

వెంకటరావమ్మే బయటికి తొంగి చూసింది. ఒంటి మీద అదే నేరేడు చీర. కొంగు లోపలికి లాగి పట్టి ఉంది.

"నీ వాడేనా," అంది. "నిన్నటి నుంచి ఈ కొంగు వదిలితే ఒట్టు. దొడ్డికెళ్ళినా వెనకే. అడిగితే చెప్పడు, తిడితే వినడు. తెల్లారుజామున మూర్ఛొచ్చి కొట్టుకున్నాడు, చేతిలో తాళాలు పెట్టి కూర్చున్నా. మళ్ళీ ఇందాక ఒకటొచ్చింది. స్టేషనుకి తీసుకుపోదామంటే అడుగు వెయ్యలేకపోతున్నాడు. చీర మారుద్దామన్నా మార్చనివ్వడమ్మా."

లోపల చాప మీద యలమంద పడుకుని ఉన్నాడు. పెదవి కరుచుకుని రక్తం గడ్డకట్టింది. పసుపు బనీను మట్టి కొట్టుకుపోయింది. కొంగు చివర పిడికిట్లో ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి.

వెంకటేశ్వరమ్మ వాడి తల ఒళ్ళోకి తీసుకుని, మాత్ర విరిచి నాలుక మీద పెట్టి, నీళ్ళు కొంచెం కొంచెంగా పోసింది. మింగాడు. ఆసుపత్రికి ఆటో తెస్తానని బాషా రోడ్డు మీదికి పరిగెత్తాడు. చాలాసేపటికి వాడి చూపు ఆమె మొహం మీద నిలిచింది. ఎవరో పోల్చుకున్నాడు. చెయ్యెత్తి చెంప మీద కొట్టాడు. బలం లేని దెబ్బ. పుట్టాక వాడు అక్కని కొట్టడం అదే మొదలు.

"కొట్టు నాయనా," అంది.

వాడు మళ్ళీ కొట్టలేదు. ఆమె నారింజ చీరని వేళ్ళతో తడిమి, తెలియని గుడ్డ అన్నట్టు పక్కకి తోశాడు. తన పిడికిలి నెమ్మదిగా విప్పి, అందులో నలిగిపోయిన కొంగు చివర తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి, దాన్ని గట్టిగా పట్టుకోమని చూపించాడు. మళ్ళీ తప్పిపోవద్దని అక్కకి చెబుతున్నాడు.